సాలువా దారిలో పైడితల్లి పరుగు

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మా ఇంటికి వచ్చి కూర్చుంటున్నారు. కాలేజీల్లో వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరినవాళ్లు. "దూరపు పరుగులు ఎలా నేర్పాలి మాస్టారూ?" అని అడుగుతున్నారు. కాఫీ తాగినంతసేపట్లో చెప్పే సంగతి కాదు గనక రాసిపెడుతున్నాను. నేను ఏ ఏడు ఏ హోదాలో ఉన్నానో, ఎవరు సంతకం పెట్టారో ఇందులో దొరకదు. వాటితో మీకూ పనిలేదు, నాకూ గుర్తు లేవు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేశాడు. నేను రైల్వే క్వార్టర్లోనే పుట్టాను. తెలుగు ఇంట్లో, బెంగాలీ వీధిలో, హిందీ మైదానంలో నేర్చుకున్నాను. యాభైల చివర్లో ఊళ్లోని ఒక కాలేజీలో చేరి, డెబ్బైలు గడిచేదాకా అక్కడే ఉన్నాను. పిల్లలు 'మాస్టర్‌మొశాయ్' అనేవారు, మనవాళ్లు 'డ్రిల్లు మేస్టారు' అనేవారు. రెంటికీ పలికేవాణ్ణి.

ముందుగా కొన్ని కటువు మాటలు

దూరపు పరుగు కోచ్‌కి ముందుగా కావలసింది కాళ్లు కాదు, ఓపిక. వంద గజాల పందెం కళ్లెదుటే మొదలై కళ్లెదుటే అయిపోతుంది. క్రాస్ కంట్రీ అలా కాదు. పిల్లలు పొలాల్లోకి, చెట్లలోకి వెళ్లిపోతారు. నువ్వు ఎంత అరిచినా వాళ్లకు వినపడదు. నువ్వు నేర్పినది వాళ్ల ఒంట్లో ఉంటే ఉంది, లేకపోతే లేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఈ సంగతి ఒప్పుకునేవాడు కాదు. సైకిలు ఎక్కి, చేత్తో బెత్తం పట్టుకుని పిల్లల వెనకే తిరిగేవాడు. పొద్దున్నే పచ్చి గుడ్లు తాగించి పరుగెత్తించేవాడు. సగం దారిలో వాళ్లు కక్కుకుంటే "కొవ్వు పోతోంది" అని సంబరపడేవాడు. పరుగు మధ్యలో మంచినీళ్లు అడిగితే తిట్టేవాడు. ఇవన్నీ శుద్ధ తప్పులు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. అయినా ఆయన దగ్గర ఒక మంచి విద్య ఉండేది. పిల్లల మొహం వైపు చూసేవాడు కాదు, పాదాల వైపే చూసేవాడు. అలిసిపోయిన పిల్ల నవ్వగలదు గానీ అడుగు చక్కగా వెయ్యలేదు అనేవాడు. ఆ ఒక్క మాటకే ఆయన బెత్తాన్ని క్షమించేశాను.

పట్టాల మీద క్యారేజీ

పైడితల్లిని నేను మొదటిసారి మైదానంలో చూడలేదు. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడితే సైకిలు దిగి నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. గూడ్సు బండి వెళ్లిపోయాక, ఖాళీ లైను మీద ఒక పిల్ల చేతిలో టిఫిన్ క్యారేజీతో పరుగెత్తుకుంటూ వస్తోంది. లంగా వోణీ, కాళ్లకు చెప్పులు లేవు. రైలు పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లను రెండేసి దాటుకుంటూ వస్తోంది. పాదం ఒక్కసారి కూడా కంకర మీద పడలేదు. తల కదలడం లేదు. క్యారేజీ పట్టుకున్న చెయ్యి కూడా ఊగడం లేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ మాట సిగ్గు లేకుండా చెబుతున్నాను.

గేటు దగ్గరకు రాగానే ఆపాను. మా కాలేజీలోనే ప్రీ-యూనివర్సిటీ చదువుతున్న పిల్ల అని అప్పుడు తెలిసింది. లైను బాగుచేసే గ్యాంగుని నడిపే మేట్‌గా పనిచేసే అప్పన్న కూతురు.

"లైను మీద అలా పరిగెడతావేటే? కాలు జారితే?" అన్నాను.

"జారదండి. సిన్నప్పట్నించీ అలవాటే. ఒక్కోటీ ఏస్తే అడుగు సాలదు, మూడేసి ఏస్తే కాలు అందదు. రెండేసైతే సరిపోతాది."

"క్యారేజీలో పులుసు ఒలకదా?"

"ఒలికితే మా అయ్య ఊరుకుంటాడేటి మేస్టారూ!" అని నవ్వి, ఆయనకు బువ్వ ఆలస్యమవుతోందని మళ్లీ పరుగు అందుకుంది.

మన రైల్వే పిల్లలందరిలోనూ ఈ స్లీపర్ల అడుగు కొంచెం ఉండేది. తండ్రులకు అన్నం మోసి మోసి వచ్చిన అడుగు అది. బారు పెంచమంటే పెంచలేరు, జోరు మాత్రం పెంచగలరు. చదునైన ట్రాకు మీద చివరి వంద గజాల్లో దాంతో ఓడిపోయేవారు. గరుకు నేల మీద, గట్ల మీద, ఎర్ర కంకర దిబ్బల మీద మాత్రం ఆ అడుగుకు సాటి లేదు. ఎందుకంటే కాలు ఎక్కడ పడాలో ముందే చూసుకునే కళ్లు కూడా దాంతోపాటే వస్తాయి. అందులోనూ పైడితల్లిది వేరే మాట. అలాంటి అడుగు నేను మళ్లీ చూడలేదు.

ఇక మీదట లైను మీద పరుగెత్తొద్దని ఒట్టు వేయించుకున్నాను. దానికి బదులు మైదానంలో పరుగెత్తమన్నాను. ఆ మాట అడగడానికి వాళ్ల క్వార్టరుకి వెళ్తే తల్లి నరసమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఆడగుంటని పరుగులెట్టిస్తారా బాబూ? నలుగురూ సూస్తే ఏటనుకుంటారు?"

అప్పన్న లోపల కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "లైను మీద పరిగెట్టినన్నాల్లూ ఎవులూ ఏటీ అననేదు. గౌండులో పరిగెడితే అంతారేటి?" అన్నాడు.

"నువ్వూరుకో!" అంది ఆవిడ. తర్వాత నా వైపు తిరిగింది. "కాల్లు కనపడకూడదు. సీర సెంగు దోపుకుని ఎగిరితే మాత్రం నానొప్పుకోను."

దానికి ఉపాయం పైడితల్లే చూసింది. తండ్రి పాత నీలం యూనిఫారం ప్యాంటు ఒకటి గోల్‌బజార్ దర్జీ దగ్గరికి తీసుకెళ్లి తన కొలతకు కత్తిరించమంది. ఆ దర్జీ దాన్ని తిప్పి తిప్పి చూసి, "క్యా దీదీ, ఇంజన్ చలావోగీ?" అన్నాడట, ఇంజను నడుపుతావా అని. మైదానంలో ఆ నీలం ప్యాంటు చూసి మగపిల్లలు కూడా మొదట్లో అలాగే నవ్వారు. ఆమె వాళ్లతోపాటు పరుగెత్తడం మొదలుపెట్టిన వారం నుంచి ఎవరూ నవ్వలేదు.

ఘోషాల్ బాబు పెట్టిన షరతు

మా కాలేజీలో ఆటల వ్యవహారమంతా ఘోషాల్ బాబు చేతిలో ఉండేది. కెమిస్ట్రీ చెప్పేవారు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునే మనిషి. అమ్మాయిలకు క్రాస్ కంట్రీ పెడదామని నేను అడిగితే ఆయన చెమటలు తుడుచుకున్నారు. అంత దూరం ఆడపిల్లల ఒంటికి మంచిది కాదని ఆ రోజుల్లో డాక్టర్లే అనేవారు. పెద్ద పెద్ద పోటీల్లో కూడా ఆడవాళ్లకు దూరపు పరుగులు ఉండేవి కావు.

నేను రోజూ వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడేవాణ్ణి. చివరికి విసిగిపోయి ఒక షరతు పెట్టారు. శీతాకాలంలో జరిగే కాలేజీ క్రాస్ కంట్రీలో మగపిల్లల వెనక అమ్మాయిలను కూడా వదలొచ్చు. నలుగురు బయలుదేరాలి. ఆ నలుగురూ తమ కాళ్ల మీదే తిరిగి రావాలి. అలా వస్తే మరుసటి ఏటి నుంచి అమ్మాయిల విభాగం పెడతారు, యూనివర్సిటీకి పేర్లు పంపుతారు.

"మాస్టర్‌మొశాయ్, ఒక్క పిల్ల దారిలో కూలబడినా సరే, నేనున్నంత కాలం ఈ మాట మళ్లీ ఎత్తకూడదు. మైదానంలో కూడా అమ్మాయిల దూరపు పరుగు ఉండదు. ఠీక్ ఆఛే?" అన్నారు.

సరేనని నేనూ ఠీక్ ఆఛే అన్నాను. ఆయన చెడ్డవాడు కాడు. ఏ తల్లి వచ్చి "నా కూతురికి ఏం చేశారు?" అని ఏడుస్తుందో అని ఆయన భయం. పిల్లల గురించి భయపడే అధికారితో వేగొచ్చు, పట్టించుకోని అధికారితో వేగలేం. ఇది రాసి పెట్టుకోండి.

ఈ షరతును నలుగురు అమ్మాయిలకూ దాచకుండా చెప్పాను. మిగతావాళ్లు గోలగోలగా మాట్లాడుకున్నారు. పైడితల్లి మాత్రం అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"ఓడిపోతే పరవానేదు మేస్టారూ. మానీమంటే మాత్రం నానుండనేను," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లకు పరుగంటే ఏమిటో నాకు అప్పుడే సరిగ్గా అర్థమైంది.

శిప్రా భయం

నలుగురిలో నాకు బెంగ పెట్టిన పిల్ల శిప్రా. తాల్‌బగీచాలో ఉండే బుకింగ్ క్లర్కు కూతురు. ధైర్యానికి లోటు లేదు, తొందర ఎక్కువ. మొదట్లోనే గాలిలా పోయి, సగం దారిలో పెదాలు తెల్లబడి కూర్చుండిపోయేది. సాధనలో ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆమెను మానిపిస్తే నలుగురు కారు. ఇంకో అమ్మాయి ముందుకు రాలేదు. మిగిలిన ఇద్దరూ నెమ్మదస్తులు, ఎవరు ముందుంటే వాళ్ల వెనక పోయే రకం.

కాబట్టి నా ఎత్తు నేను వేసుకున్నాను. పైడితల్లిని పిలిచి, "నువ్వు ముందుకెల్లిపో. మగపిల్లల్ని అందుకో. నిన్ను సూసినోళ్లకి ఇంక ఎనకాలోళ్లు కనపడకూడదు," అన్నాను. ఒక్క పిల్ల అంత గొప్పగా పరుగెత్తితే, ఇంకో పిల్ల కూర్చుండిపోయినా ఘోషాల్ బాబు మనసు మెత్తబడుతుందని నా లెక్క. పైడితల్లి విని, తల వంచుకుని, "సూత్తానండి" అంది. అలాగే అని మాత్రం అనలేదు. నేనది గమనించుకోలేదు.

సాల్ చెట్ల మలుపు

ఆ రోజు పొద్దున మంచు విడిపోయాక పందెం వదిలారు. కాలేజీ మైదానం నుంచి కోతలైపోయిన వరి పొలాల గట్ల మీదుగా, ఎర్ర కంకర దిబ్బ ఎక్కి, సాల్ చెట్ల దగ్గర సాలువా రోడ్డు అందుకుని, మళ్లీ ఆ దిబ్బ దిగి పొలాల మీదుగా తిరిగి రావాలి. నేను సైకిలు మీద అడ్డదారిన పోయి సాల్ చెట్ల మలుపు దగ్గర నిలబడ్డాను. సాలువా పోలీసు క్యాంపు జవాన్లు కొందరు టీ గ్లాసులు పట్టుకుని వేడుక చూడటానికి వచ్చారు.

మగపిల్లలు వెళ్లిపోయారు. వాళ్లలో నీలం ప్యాంటు లేదు. పోనీ, కొంచెం వెనక ఉందేమో అనుకున్నాను. ఇంకాసేపు గడిచింది. అప్పుడు ఆ నెమ్మదస్తులు ఇద్దరూ వచ్చారు. వాళ్ల వెనక శిప్రా. అందరికంటే వెనక పైడితల్లి.

తన పరుగును తానే వెనక్కి లాగి పట్టుకున్నట్టు వస్తోంది.

"ఏటే పైడీ! కాలు పట్టీసినాదా?" అని అరిచాను.

"నేదు మేస్టారూ!"

"మరెందుకే ఎనకపడ్డావు? ముందుకెల్లు!"

"ఎల్లనండి," అంది. అంత మర్యాదగా, అంత ఖచ్చితంగా నాతో ఎవరూ 'కాదు' అనలేదు. వెంటనే నన్ను వదిలేసి మెల్లగా అక్కా, మెల్లగా అని శిప్రాను బెంగాలీలో కేకేసింది. "శిప్రాదీ, ఆస్తే! ఆస్తే!" ఎడమకాలు దూరంగా పడుతోందని చెప్పింది. శిప్రా అడుగు దగ్గరికి వచ్చింది. ముందున్న ఇద్దరినీ ఆ పిల్ల కోసం కొంచెం ఆగమంది. వాళ్లు ఆగారు.

నేను సైకిలెక్కి దూరంగా వాళ్ల వెంటే వెళ్లాను. దిగివచ్చేటప్పుడు కంకర దిబ్బ దగ్గర శిప్రా తూలింది. అడుగులు అటూ ఇటూ పోయాయి. ఇక అయిపోయిందనుకుని నేను సైకిలు దిగేశాను. పైడితల్లి ఆమెను పట్టుకోలేదు. దగ్గరికి కూడా పోలేదు. వెనక నుంచే, తన పాదం నేలకు తగిలినప్పుడల్లా గట్టిగా "హై... హై..." అంటూ ఆ పిల్లకు వినపడేలా పలికింది. తొందరలేని, తప్పని ఆ పలుకులోకి శిప్రా కాళ్లు మెల్లమెల్లగా వచ్చి చేరాయి. ముందున్న ఇద్దరి కాళ్లు కూడా చేరాయి. నలుగురూ ఒక్క అడుగుతో దిబ్బ దిగి పొలాల్లోకి వెళ్లారు. అప్పటికి పదేళ్లుగా పరుగు నేర్పుతున్నాను, పరుగు అంటే ఇది కూడానా అని ఆశ్చర్యపోయాను. కోచ్ చెయ్యాల్సిన పని ఆ పిల్ల పరుగెత్తుతూ చేస్తోంది.

తిరిగి వచ్చాక

నలుగురూ మైదానంలోకి తమ కాళ్ల మీదే వచ్చారు. ఘోషాల్ బాబు కుర్చీ మోసుకుని ఎదురు పరుగెత్తారు. శిప్రా మొహం పాలిపోయి ఉంది, కాళ్లు గజగజలాడుతున్నాయి. అయినా కుర్చీ వైపు చూడలేదు.

"లాగ్‌బే నా, సార్," అంది. అక్కర్లేదట. నిలబడే ఉంది.

ఘోషాల్ బాబు ఆ కుర్చీలో తనే కూర్చున్నారు. నా వైపు చూసి, "వచ్చే శీతాకాలం అమ్మాయిలకు విడిగా పెట్టండి మాస్టర్‌మొశాయ్. వేళ మాత్రం ఇంకాస్త తొందరగా పెట్టండి, ఎండ పడనివ్వకుండా," అన్నారు. అమ్మాయిలు చప్పట్లు కొట్టి కేకలు పెట్టారు. నేను కూడా పెట్టాను.

పైడితల్లిని పక్కకు పిలిచి, నా మాట ఎందుకు వినలేదని అడిగాను.

"మా అయ్య గేంగు పని మీరు సూడనేదేటండి? పట్టా వంకర తీసినప్పుడు గునపాలు అందరూ పట్టుకుంతారు. మా అయ్య పట్టుకోడు. దూరంగా ఎనక్కెల్లిపోయి, పట్టా మీదకి వొంగి ఒక కన్ను మూసి సూస్తాడు. వంకర ఎక్కడున్నాదో దగ్గరున్నోలికి తెల్దు. ఎనకనించి సూసినోడికే తెలుస్తాది. 'కొంచెం నెట్టు, ఆగు, సాలు' అని ఆడు సెప్తే మిగతావోలు నెడతారు. నాను ముందుకెల్లిపోతే శిప్రాదీ కాలు ఎప్పుడు వంకరపోయిందో నాకెలా తెలుస్తాది?"

మీకు చెప్పదలుచుకున్న పాఠం ఏదైనా ఉంటే ఇదే, ఇంతకంటే నేను బాగా చెప్పలేను. ఆ తర్వాత నేనెప్పుడూ పిల్లల ముందు పోలేదు. వెనక నుంచే చూశాను. ఎక్కువ మాట్లాడకుండా, చెప్పాల్సిన మాట చెప్పాల్సిన అడుగు దగ్గరే చెప్పడం నేర్చుకున్నాను. నా దగ్గర తయారైన మంచి రన్నర్లందరూ ఆ రోజు తర్వాత వచ్చినవాళ్లే.

అప్పుడు పైడితల్లి మైదానం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మేస్టారూ, అయిపోనాది కదా. ఇప్పుడు నాను పరిగెట్టొచ్చా?"

మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. వచ్చిన దారంతా ఆ పిల్ల పరుగెత్తనే లేదు. నలుగురి కోసం తన పరుగును పళ్లబిగువున పట్టుకుని ఉంది. "ఎల్లమ్మా," అన్నాను.

నీలం ప్యాంటు అంచులు మడుచుకుని పొలాల్లోకి వెళ్లింది. కోతలైన పొలాలు గనక దిబ్బ దాకా అడ్డం ఏమీ లేదు. మొదట ఎవరూ చూడలేదు. తర్వాత చొక్కాలు తొడుక్కుంటున్న మగపిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ రోజు మొదటి బహుమతి గెలిచిన కుర్రాడు బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఘోషాల్ బాబు కుర్చీలోంచి లేచారు. ఆమె గట్టు మీద గట్టు దాటుతూ పోతోంది. ఎక్కడా అడుగు తడబడటం లేదు, తల కదలడం లేదు. దిబ్బ ఎక్కేటప్పుడు జోరు తగ్గలేదు సరికదా, పెరిగింది. నా చేతిలో స్టాప్‌వాచీ ఉంది. నొక్కాలనే తోచలేదు. నాకు నిజంగా భయం వేసింది. దేవుడి దగ్గర నిలబడ్డప్పుడు వేసేలాంటి భయం.

దిబ్బ మీద నుంచి తిరిగి మా వైపు వస్తుండగా నా పక్కకు ఎవరో వచ్చి నిలబడ్డారు. నరసమ్మ. కూతురికి అన్నం పట్టుకుని ఎప్పుడు వచ్చిందో, మైదానం మూల నుంచి చూస్తోందట. అన్ని నెలల్లో ఆవిడ మైదానానికి రావడం అదే మొదలు. పొలాల వైపు చేత్తో చూపించి, మెల్లగా అడిగింది.

"మేస్టారూ... అది మా గుంటేనా?"

"అవునమ్మా. మీ పైడే," అన్నాను.

ఆవిడ ముసుగు వెనక్కి తోసుకుని, నలుగురూ చూస్తున్నారన్న మాటే మరిచిపోయి, రెండు చేతులూ పైకెత్తి కూతుర్ని కేకేసి పిలిచింది.